ఒక్క క్లాసు డ్రాప్, 2,000 డాలర్లు గల్లంతు

ఎడిటర్ గారికి నమస్కారం.

మేం అమెరికా వచ్చి 18 ఏళ్లయింది. ఏటా ట్యాక్సులు మావారే కూర్చుని చేస్తారు, పెద్దగా ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఈసారి మాత్రం మాకు తెలియాల్సిన ముక్క ఒకటి తెలియక దెబ్బ తిన్నాం. మీ ఎన్నారై పేజీ చదివేవాళ్లలో చాలామందికి కాలేజీకొచ్చిన పిల్లలుంటారని రాస్తున్నాను.

మా అబ్బాయికి 20 ఏళ్లు. 2024 మొదటి సగం చదువు ఆపి పని చేశాడు, 8,000 డాలర్ల దాకా సంపాదించాడు. ఆగస్టు చివర్లో 12 క్రెడిట్ల (కాలేజీ క్లాసులకి ఇచ్చే లెక్క) క్లాసులతో మళ్లీ చేరాడు, అంటే ఆ కాలేజీ లెక్కలో ఫుల్‌టైమ్. 19 నిండిన పిల్లల్ని మనం ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా, అంటే మన మీద ఆధారపడినవాళ్లుగా, చూపించాలంటే వాళ్లకి 24 నిండకూడదు, ఏడాదిలో 5 నెలలు ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయి ఉండాలి. నెలలో కొన్ని రోజులే ఉన్నా ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వేళ్ల మీద లెక్కపెడితే సరిగ్గా 5. అమ్మయ్య అనుకున్నాం.

అక్టోబరులో వాడు కాల్‌క్యులస్ కష్టంగా ఉందని ఆ క్లాసు డ్రాప్ చేశాడట. రాత్రి పడుకోబోయే ముందు, ఫోన్‌లో, రెండు క్లిక్కులు. 12 కాస్తా 8 అయింది, ఫుల్‌టైమ్ నెలలు మూడే మిగిలాయి. మాకు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని వాడికి తోచలేదు, వాణ్ని తప్పుపట్టను.

జనవరిలో 1098-టి ఫారం, అంటే ట్యాక్సుల కోసం కాలేజీ ఇచ్చే ఫీజుల కాగితం, వాడి పోర్టల్లోకి వచ్చింది. 8వ గడిలో టిక్ ఉంది కదా, అంతా బాగానే ఉందనుకున్నాం. ఆ టిక్‌కి అర్థం కనీసం హాఫ్‌టైమ్ చదివాడని మాత్రమే! అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌కి, అంటే కాలేజీ ఫీజు కట్టినందుకు వచ్చే పన్ను రాయితీకి, అది చాలు, డిపెండెంట్ కావడానికి చాలదు. పైగా వాడి సంపాదన ఆ ఏడాది పరిమితి 5,050 డాలర్లు దాటింది కాబట్టి ఇంకో దారిలో డిపెండెంట్‌గా చూపించే వీలూ పోయింది. డిపెండెంట్ కాకపోతే ఫీజంతా మనమే కట్టినా క్రెడిట్ మనకు రాదు. మాకు 2,500 రావాల్సింది, దానికి తోడు డిపెండెంట్ కింద ఇంకో 500. వాడి రిటర్న్‌లో వాడే తీసుకుంటే 1,000 డాలర్లు చేతికొచ్చాయి, మిగతా 1,500 తగ్గించుకోవడానికి వాడికి అసలు పన్నే పడలేదు. అంటే ఇంటి మొత్తం మీద 2,000 పోయినట్టే.

కాలేజీకి ఫోన్ చేస్తే, వివరాలు చెప్పాలంటే స్టూడెంట్ అనుమతి కావాలన్నారు. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం తెచ్చిన 1974 నాటి ఫెర్పా చట్టం అలాగే ఉంది, పిల్లల గోప్యతకి నేను వ్యతిరేకం కాదు. కానీ అదే చట్టంలో, ట్యాక్స్ లెక్కల్లో డిపెండెంట్ అయిన పిల్లల వివరాలు తల్లిదండ్రులకి చెప్పొచ్చు అని కూడా ఉంది. అందుకు రుజువుగా సాధారణంగా ట్యాక్స్ రిటర్నే అడుగుతారు, మేం తేల్చుకోలేకపోయిందేమో ఆ రిటర్నే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాలేజీలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. డ్రాప్ నొక్కే ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ తగ్గొచ్చని మావాడి పోర్టల్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. దాని కిందే "ఫుల్‌టైమ్ పోతే మీ ఇంట్లోవాళ్ల ట్యాక్స్ మారొచ్చు, ఒకసారి అడగండి" అని ఇంకో వాక్యం పెట్టడానికి ఏం ఖర్చవుతుంది? మన తెలుగు సంఘాల ట్యాక్స్ వెబినార్లలోనూ నేను విన్నంతవరకు ఇండియా బ్యాంకు ఖాతాలు, అక్కడి ఇంటి అద్దె, ఇవే. పిల్లల కాలేజీ క్లాసులకీ ట్యాక్సుకీ ఉన్న లంకె ఊసే ఉండదు. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబాలకిచ్చే వీసా) మీద, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకి ట్యాక్సుల కోసమిచ్చే ఐటిన్ నంబరుతో చదివే పిల్లలకైతే 2026 ట్యాక్స్ ఏడాది నుంచి ఈ అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిటే లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండి తీరాలి. ఆ సంగతి ఎంతమందికి తెలుసో.

ఎడిటర్ గారూ, ఒక్క విన్నపం. ఈ ఉత్తరం వేస్తే ట్యాక్సుల సీజన్‌లో వేయకండి, అప్పటికి ఎవరూ చేయగలిగేది ఏమీ ఉండదు. పిల్లలు క్లాసులు డ్రాప్ చేసుకునే సెప్టెంబరు, అక్టోబరుల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, టెక్సాస్