గీతలు కావు, పేర్లు

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,

విషయం: సర్వీసింగ్‌కి ఇచ్చిన పాత వాచీని మమ్మల్ని అడక్కుండా పాలిష్ చేసి, డయల్‌కి కొత్త రంగు వేయడం గురించి.

అయ్యా,

మీ బిల్లులో ఒక పద్దు ఉంది: 'వెనక మూత మీది గీతలు తొలగింపు'. దానికి విడిగా డబ్బు కూడా వేశారు. అవి గీతలు కావు. ఆ వాచీ పెట్టుకున్న మా వాళ్ల పేర్లు.

ఈ వాచీ మా ఇంట్లో పండక్కి ఇచ్చే కానుక. ఎవరి చేతికి ఉంటే వాళ్లే తీసి తర్వాతి తరంలో ఒకరికి ఇస్తారు. ఇచ్చే ముందు, తీసుకునేవాళ్ల పేరు వెనక చెక్కిస్తారు. ముత్తాత, తాతయ్యల పేర్లు పనితనం తెలిసినవాళ్లు చెక్కిన తీరైన అక్షరాలు. తాతయ్య పోయాక నాన్నకి ఇవ్వాల్సిన పని నాయనమ్మ మీద పడింది. ఆవిడ ఎవరి దగ్గరికీ వెళ్లకుండా సూదితో తనే గీసింది. చివరి అక్షరానికి చోటు చాలక అది అంచు మీదకి ఒరిగిపోయింది. మా పిల్లలు వాచీ చేతికి ఇస్తే ముందు వేలితో తడిమేది ఆ అక్షరాన్నే. ఇప్పుడక్కడ తడమడానికి ఏమీ లేదు, నున్నగా మెరుస్తోంది.

మేం ఇచ్చింది వాచీ స్లో అవుతోందని. కీ ఇచ్చే వాచీల్లో నూనె కొన్నేళ్లకి ఎండి చిక్కబడుతుంది, విప్పి కడిగి మళ్లీ నూనె వేయాలి. రసీదు మీద రాసిందీ అంతే. ఆ పని మీ మెకానిక్ బాగా చేశాడు, టైమ్ సరిగ్గా చూపిస్తోంది. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు.

పాలిష్ అంటే మురికి తుడవడం కాదు, లోహాన్ని అరగదీయడం. అరిగింది తిరిగి రాదు. డయల్ సంగతీ అంతే, పాత అంకెలు తీసేసి కొత్తవి వేస్తే పాతవి పోయినట్టే. ఇక ముళ్లు, వాటినీ మార్చేశారు. రాత్రిపూట కనబడటానికి వాటికి వేసిన రేడియం పూత మెరవడం మానేసినా రేడియం, దాని హానికరమైన రేడియేషన్ అలాగే ఉంటాయి కాబట్టి, జాగ్రత్త కోసం మారుస్తామని ఒక్క ఫోన్ చేసుంటే సరేననేవాళ్లం. ఆ ఫోన్ రాలేదు.

అడిగితే మీ ప్రతినిధి 'కొత్తదానిలా వచ్చింది కదా మేడమ్' అన్నారు. కొత్తదే కావాలంటే కొనుక్కునేవాళ్లం కదండీ! పేర్లు పంపితే లేజర్‌తో ఉచితంగా చెక్కిస్తామని కూడా అన్నారు. నాయనమ్మ చేతిరాతని లేజర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? దయచేసి దాని జోలికి వెళ్లకండి.

నూనె పనికి తీసుకున్న డబ్బు మీరే ఉంచుకోండి. పాలిష్‌కి, డయల్‌కి, ముళ్లకి తీసుకున్నది వాపసు చేయండి, జరిగిన నష్టానికి ఎంత ఇస్తారో చెప్పండి. రసీదులో లేని పని ఎవరు, ఎందుకు చేయమన్నారో రాతపూర్వకంగా తెలపండి. మీ రసీదు వెనక, వాచీ తీసుకోగానే అన్ని వైపులా ఫోటోలు తీస్తామని ఉంది. వెనక మూత ఫోటో పూర్తి సైజులో నాకు కావాలి, మిగతా లెక్కలు తేలేదాకా ఆగకుండా దాన్ని ముందే పంపండి. ఈ పండక్కి వాచీ మా అబ్బాయికి ఇవ్వాలి.

రసీదు, బిల్లు నకళ్లు జతచేశాను. రెండు వారాల్లో జవాబు రాకపోతే చట్టప్రకారం చేయాల్సింది చేస్తాం.

ఇట్లు,
మీ కస్టమర్