ఎముకతో సర్దుకుపోయే లోహం కావాలి

సంపాదకులకు నమస్కారం.

శరీరంలో అమర్చే లోహం ఎంత బిరుసుగా ఉంటే అంత మేలని చాలామంది నమ్మకం. బలం (విరగకుండా తట్టుకోవడం) వేరు, బిరుసుదనం (సులువుగా వంగకపోవడం) వేరు. నేడు విరివిగా వాడే టైటానియం–అల్యూమినియం–వెనేడియం మిశ్రమలోహపు స్థితిస్థాపక గుణకం, అంటే బిరుసుదనపు కొలత, సుమారు 110 గిగాపాస్కల్స్. ఎముక గట్టి పొరది 10 నుంచి 30 మాత్రమే. బరువంతా లోహమే మోస్తుంటే పక్కనున్న ఎముక పనిలేక పలచబడుతుంది, అమరిక వదులవుతుంది. మళ్లీ శస్త్రచికిత్స, అదీ వయసు మీరాక!

అందుకే టైటానియం లోహ గాజులపై పరిశోధన ఆగకూడదు. కరిగిన లోహంలోని పరమాణువులకు స్ఫటికాలుగా కుదురుకునే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చితే ఇవి తయారవుతాయి. టైటానియం–జిర్కోనియం–రాగి–పల్లాడియం రకం బలం 2,000 మెగాపాస్కల్స్ దరిదాపుల్లో ఉంటుంది, బిరుసుదనం మాత్రం పాత మిశ్రమం కంటే తక్కువ.

అసలు చిక్కు కూర్పులో ఉంది. గాజు స్థితి సులువుగా రావడానికి తోడ్పడే నికెల్ అలర్జీ తెస్తుంది, బెరీలియం విషం. వాటిని తీసేస్తే పోతపోయగల మందం చాలావరకు కొన్ని మిల్లీమీటర్లకే పరిమితం. పంటి స్క్రూకు అది చాలు, తుంటి కీలుకు చాలదు. రాగి శరీరంలోకి ఎంత చేరుతుందన్న సంగతీ తేలాలి. పైగా ఈ గాజులు సాగకుండా ఒక్కసారిగా విరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి పరిశోధకులు బలం అంకెలతో సరిపెట్టకూడదు. శరీర ద్రవాన్ని పోలిన ఉప్పు ద్రావణంలో లక్షలసార్లు వంచితే ఏమైందో, రాగి ఎంత బయటికొచ్చిందో కూడా ప్రకటించాలి. వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఈ రెండూ అడగాలని నా విన్నపం.

– లోహశాస్త్ర అధ్యాపకుడు