నాందేడ్ వచ్చేవాళ్లంతా ఒకసారి చదవండి

ఫ్రెండ్స్, శనివారం బయల్దేరుతున్నాం కదా, నాలుగు మాటలు.

మనం వెళ్లేది నాందేడ్‌లోని హుజూర్ సాహిబ్ గురుద్వారాకి. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత పీఠాల్లో, అదొకటి. గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశారు. మన బాసరకు వచ్చే గోదావరే ఆ ఊరి మీదుగా వస్తుంది, కాబట్టి మరీ పరాయి ఊరేం కాదు.

లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే గురుద్వారా వంటశాలలో, మన పని ఉల్లిపాయలు తరగడం, రొట్టెలు వత్తడం, గిన్నెలు తోమడం. పోయినసారి నేను వత్తిన రొట్టె చూసి ఒక పెద్దావిడ "ఇది ఏ దేశం మ్యాప్ బేటా?" అని హిందీలో అడిగింది. ఆ తర్వాత నన్ను గిన్నెల దగ్గరికి పంపేశారు.

తల కప్పుకోవాలి, అబ్బాయిలు కూడా. పెద్ద కర్చీఫ్ చాలు. చెప్పులు బయటే. జేబులో సిగరెట్, గుట్కా ఉంటే లోపలికి రావద్దు, ఇందులో జోకుల్లేవు. రొట్టె రెండు చేతులూ చాపి తీసుకోండి, తినగలిగినంతే.

అక్కడ వంటంతా శాకాహారమే, కాబట్టి హలాల్ టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు. నమాజు చేసేవాళ్లు, ఆదివారం ప్రార్థన మానని వాళ్లు మొహమాటపడకండి. పోయినసారి మన సీనియర్ ఒకతను చోటెక్కడని నసుగుతుంటే, బస దగ్గర ఒక పెద్దాయన తనే గది ఊడ్చి, దుప్పటి పరిచి, పడమర ఎటో చూపించారు. వీడు బయటికి వచ్చేసరికి టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు!

వంటింటి పొగ పడనివాళ్లు రేపు సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి, వేరే పని చూద్దాం.