వెన్నుపాము చదువుతున్న నా చిన్నికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిన్నీ,

"అమ్మా, స్పైనల్ కార్డ్ అంతా అంకెలే, ఒక్కటీ బుర్రకెక్కడం లేదు" అన్నావు నిన్న. ఫోన్‌లో చెబుదామంటే మీ హాస్టల్లో సిగ్నల్ నిలవదు, నాకేమో పేషెంట్లు. అందుకే రాస్తున్నాను. ఇంటర్నల్స్ టెన్షన్ కాసేపు పక్కన పెట్టి తీరిగ్గా చదువు.

అనాటమీ మీ ప్రొఫెసర్లు నాకంటే బాగా చెబుతారు. ఆ అంకెలు మోస్తున్న మనుషులతో మాత్రం ఫిజియోథెరపిస్టుగా నాకు రోజూ పని. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్త పేషెంటు వచ్చాడంటే ముందు అడిగేది లెవెల్, అంటే వెన్నుపాము ఎక్కడిదాకా బాగుందని. సీ అంటే మెడ, టీ అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే దాని కింది సాక్రల్ భాగం, పక్కన అంకె అందులో ఎన్నోదో చెబుతుంది. సీ6 అనో టీ12 అనో చెప్పగానే ఆ మనిషి తన చేత్తో తాను అన్నం తినగలడా, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి తానే మారగలడా, గట్టిగా దగ్గగలడా అన్నది చాలావరకు అర్థమైపోతుంది. నీ టేబుల్‌లో ప్రతి అంకె పక్కన ఒక పని రాసుకో. ఆ లెవెల్ వరకు బాగుంటే మనిషి ఏం చేసుకోగలడు? అలా చదివితే అది మళ్లీ మరిచిపోవు.

కొలతల సంగతి త్వరగా చెప్పేస్తాను. పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్లు. లావు చిటికెన వేలంత. పుర్రె అడుగునున్న పెద్ద రంధ్రం దగ్గర మొదలై ఎల్1, ఎల్2 పూసల దగ్గర ఆగిపోతుంది. దాన్నుంచి 31 జతల నాడులు: మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, దాని కింద సాక్రల్ 5, చివర తోక ఎముక దగ్గర కాక్సిజియల్ 1. మెడలో పూసలు 7 అయితే నాడులు 8 ఎలా అని వైవాలో అడుగుతారు. మొదటి నాడి మొదటి పూసకు పైనుంచి వస్తుంది. అలా ఏడు నాడులూ తమ తమ పూసల పైనుంచి వచ్చేశాక, ఎనిమిదోది ఏడో పూస కిందనుంచి వస్తుంది. ఛాతీ నుంచి ఇక ప్రతి నాడీ తన నంబరున్న పూస కిందనుంచే.

వెన్నుపాము నడుము చివరిదాకా రాకుండా ఎందుకు ఆగిపోయిందో గట్టిగా పట్టుకో, చాలా విషయాలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి. మూడో నెల పిండంలో అది వెన్నుకాలువ చివరిదాకా ఉంటుంది. ఆ తర్వాత ఎముక పెరిగినంత వేగంగా అది పెరగదు. బిడ్డ పుట్టేసరికి ఎల్3 దగ్గర ఉంటుంది, పెద్దయ్యాక ఎల్1 దగ్గరికి చేరుతుంది. నాడులు మాత్రం తమ పాత కిటికీల్లోంచే బయటికి రావాలి కాబట్టి కిందికి సాగి సాగి ఒక గుత్తిగా వేలాడతాయి. కాడా ఈక్వైనా అని మీరు చదివేది దాన్నే.

కాబట్టి పూస నంబరూ, దాని లోపలున్న వెన్నుపాము భాగం నంబరూ ఒకటి కావు. భీమిలి వైపు నుంచి కొబ్బరి చెట్టు ఎక్కుతూ జారిపడ్డ వాళ్లు వస్తుంటారు. చాలామందికి టీ12, ఎల్1 దగ్గరే పూస నలుగుతుంది, ఎందుకంటే కదలని ఛాతీ భాగం, కదిలే నడుము కలిసేది అక్కడే. "ఎల్1 కదమ్మా, కాళ్లు కొద్దిగా కదులుతున్నాయి కదా, పర్లేదు కదా?" అని ఇంట్లోవాళ్లు ఆశగా అడుగుతారు. ఆ పూస లోపల ఉండేది సాక్రల్ భాగం, అంటే మూత్రం, మలం మీద అదుపు ఉండే చోటు. కాళ్లు నడిచినా ఆ అదుపు తిరిగి రాని వాళ్లున్నారు. సిగ్గుపడి చెప్పరు. నువ్వు డాక్టరువయ్యాక నోరు తెరిచి అడుగు.

అలాగే నడుంనొప్పి పేషెంటు ఎవరైనా మలద్వారం చుట్టూ మొద్దుబారిందనీ, మూత్రం రావడం లేదనీ అంటే, ఆ గుత్తి నలుగుతోందని అనుమానించు. అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాం అనకూడదు, మాలిష్ అసలే చేయించకూడదు.

వెన్నుపాము లేని ఆ చోటే మనకు మేలు కూడా చేసింది. నడుం ఎముకల పై అంచులను కలుపుతూ గీత గీస్తే అది ఎల్4 మీదుగా పోతుంది. వెన్నులోని నీరు తీసే లంబార్ పంక్చర్ సూది దించేది ఆ చుట్టుపక్కలే. స్పైనల్ అనస్థీషియా కూడా అక్కడే. దాన్ని 1898లో ఆగస్ట్ బియర్ అనే జర్మన్ సర్జన్ మొదలుపెట్టాడు. నువ్వు పుట్టినప్పుడు నాకు ఇచ్చింది అదే. నొప్పి లేదు కానీ లోపల ఎవరో లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. నిన్ను చూపించినప్పుడు నేను పూర్తి మెలకువలో ఉన్నాను. "ఆ మత్తు సూది వల్లే నాకు జీవితాంతం నడుంనొప్పి" అని నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో చాలామంది నమ్ముతారు. సూది దిగింది వెన్నుపాము ముగిసిన తర్వాతేనని, నొప్పికి కారణం కాన్పు తర్వాత బలహీనపడ్డ కండరాలూ, వంగి బిడ్డను ఎత్తుకోవడమూ అయి ఉంటాయని ఓపిగ్గా చెబుతాను. నువ్వూ చెప్పాల్సి వస్తుంది.

ఇక అడ్డంగా కోస్తే కనిపించే బొమ్మ. మధ్యలో బూడిద రంగు, చుట్టూ తెలుపు. లోపలికి వచ్చే కబుర్లన్నీ వెనక గుమ్మం నుంచి వస్తాయి, బయటికి వెళ్లే ఆజ్ఞలన్నీ ముందు గుమ్మం నుంచి వెళతాయి. ఛార్లెస్ బెల్ 1811లో దీన్ని కొంత పట్టుకున్నాడు, మజాండీ 1822లో ప్రయోగం చేసి తేల్చాడు. వెనక గుమ్మంలోంచి వచ్చే నాడి వేరు మీద ఉబ్బెత్తుగా ఉండే గాంగ్లియాన్ని, అదే నాడీకణాల ముడిని, మరవకు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఏళ్ల తరబడి దాక్కునేది అందులోనే. అమ్మమ్మకు సర్పి వచ్చినప్పుడు గుర్తుందా, నడుము చుట్టూ ఒకవైపే పట్టీలా పొక్కులు? తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పని ఇల్లంతా హడలిపోయారు. ఒక వెన్నునాడి ఏలే చర్మం ఒంటి మధ్య గీత దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ పట్టీ అక్కడ ఆగింది. హెడ్, కాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు 1900లో ఏ నాడికి ఏ చర్మమో పటం గీసింది ఇలాంటి సర్పి పేషెంట్లను చూసే. బొటనవేలు సీ6, మధ్యవేలు సీ7, చిటికెనవేలు సీ8, రొమ్ము మొన టీ4, బొడ్డు టీ10, కాలి చిటికెనవేలు ఎస్1. నీ ఒంటి మీదే వేలు పెట్టుకుని చెప్పుకో, పుస్తకంలో బొమ్మ అక్కర్లేదు.

ట్రాక్టులు, అంటే వెన్నుపాములో కబుర్లు పైకీ కిందికీ వెళ్లే దారులు, కలిసిపోతున్నాయన్నావు. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకో: ఎక్కడ అవతలి వైపుకు దాటుతుంది? నొప్పి, వేడి, చలి వెన్నుపాములోనే, వచ్చిన చోటుకు ఒకటి రెండు భాగాల పైన దాటేస్తాయి. కీళ్లు ఎక్కడున్నాయో తెలిపే జ్ఞానం, కంపనం మెదడు అడుగునున్న మెడుల్లా దాకా వెళ్లి దాటుతాయి. మెదడు నుంచి కండరాలకు వచ్చే దారి కూడా ఎక్కువ భాగం మెడుల్లాలోనే దాటుతుంది. ఇది వచ్చేస్తే బ్రౌన్-సెకార్ సిండ్రోమ్ నీకు దానంతట అదే వచ్చేస్తుంది. వెన్నుపాము ఒకవైపే తెగితే అదే వైపు బలమూ, కీళ్ల జ్ఞానమూ పోతాయి, అవతలివైపు నొప్పి తెలియదు.

కీళ్ల జ్ఞానాన్నీ, కంపనాన్నీ పైకి మోసే వెనక స్తంభాల సంగతి బీ12 విటమిన్ లోపంలో బాగా కనిపిస్తుంది. పగలు బాగానే నడుస్తారు. "సింక్ దగ్గర ముఖం కడుక్కుంటూ కళ్లు మూశానో లేదో, తూలిపోతున్నానమ్మా" అంటారు. కాలు ఎక్కడుందో కళ్లు చూసి చెప్పినంతసేపూ నిలబడ్డారన్నమాట. ఆ మాట వింటే పాదం మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి కంపనం తెలుస్తోందేమో చూడు, బీ12 టెస్టు రాయి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, మెడ. ఊపిరి పీల్చే కండరమైన డయాఫ్రంకు సీ3, సీ4, సీ5 నుంచి నాడి. అంతకు పైన తెగితే సొంత ఊపిరి ఉండదు. సీ5 ఉంటే మోచెయ్యి మడుస్తారు. సీ6 ఉంటే మణికట్టు పైకెత్తుతారు. సీ7 ఉంటే మోచెయ్యి చాపి, ఒళ్లు పైకి లేపి కుర్చీలోకి జరుగుతారు. ఒక్కో మెట్టులో ఒక జీవితం తేడా ఉంది తల్లీ.

సీ6 మనిషికి వేళ్లు కదలవు. అయినా గ్లాసు పట్టుకోగలడు. ఎలాగో నీ చేతి మీదే చూడు. మోచెయ్యి బల్లకు ఆనించి, చెయ్యి వదులుగా ముందుకు వేలాడనివ్వు. వేళ్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు మణికట్టు పైకెత్తు. నువ్వేమీ చెయ్యకుండానే వేళ్లు ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలి దగ్గరికి వస్తుంది. టెనోడెసిస్ అంటాం. సముద్రంలో తక్కువ లోతులో తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకున్న ఒక అబ్బాయికి దీన్నే నేర్పాం. వాళ్లమ్మ రోజూ కొబ్బరినూనె రాసి, మణికట్టు ఎత్తిపట్టి, ఆ వేళ్లు నిటారుగా సాగదీసేది. ఎంత ప్రేమతో చేసేదో! అలా సాగదీస్తే వేళ్లను ముడిచే స్నాయువులు, అంటే కండరాల చివరి తాళ్లు, వదులైపోతాయి, ఆ పట్టు ఇక దొరకదు. వేళ్లు చాపాలంటే మణికట్టు వంచి ఉంచాలి, మణికట్టు ఎత్తాలంటే వేళ్లు ముడిచి ఉంచాలి. ఆమెకు చేసి చూపించాక ఎప్పుడూ తప్పలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు స్టీలు గ్లాసుతో టీ తానే తాగుతాడు.

అతన్ని స్నేహితులు చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలో వేసుకొచ్చారు. వాళ్లను తప్పుపట్టలేను, ఎవరూ నేర్పలేదు. నీ ఫ్రెండ్స్‌కు నువ్వు చెప్పు. మెడకు దెబ్బ అనిపిస్తే ముందు నీళ్లలోంచి ముఖం పైకి, ఊపిరి ఆడేలా. ఆ తర్వాత తల, మెడ, మొండెం ఒకే వరసలో ఉంచి, 108 వచ్చేదాకా కదపకుండా పట్టుకోవాలి.

ఇంకొకటి, పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. టీ6, అంతకు పైన దెబ్బ తిన్నవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ ఆకాశానికి. చాలాసార్లు కారణం మూత్రం ట్యూబు (కాథెటర్) మడతపడి మూత్రసంచి నిండిపోవడమే. అలాంటప్పుడు పడుకోబెట్టకు. నిటారుగా కూర్చోబెట్టు, బట్టలు వదులు చెయ్యి, ట్యూబు చూడు. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావచ్చు. డ్యూటీలో ఉన్నవాళ్లకు ఇది తెలిసి ఉంటే చాలు, ప్రాణం దక్కుతుంది.

పిండంలో ఈ వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన సుమారు 28 రోజులకు. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమనే తెలియదు. మూసుకోకపోతే స్పైనా బైఫిడా అనే పుట్టుకతో వచ్చే వెన్ను లోపం. ముందునుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ఇలాంటి లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధన తేల్చింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలో ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రోజుకు 400 మైక్రోగ్రాముల చిన్న మాత్ర. పెళ్లి కుదిరిన మీ పిన్ని కూతురికి నిన్ననే చెప్పాను, నువ్వూ ఫోన్ చేసి మళ్లీ గుర్తు చెయ్యి. నా మాట కంటే నీ మాట వింటుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌కు రా. మా హెడ్ గారిని అడిగాను, సరే అన్నారు. పేషెంట్లు ఒప్పుకుంటే నువ్వే పరీక్షించి లెవెల్ చెప్పాలి, నేను పక్కన నిలబడతాను. నీ హ్యామర్, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ తెచ్చుకో, మా దగ్గర ఉన్న ఫోర్క్ సరిగ్గా మోగడం లేదు. రాత్రి రెండింటిదాకా మేలుకోకు. ఆవకాయ సీసా పార్సిల్‌లో వేశాను.

మీ అమ్మ