వేసవి తరగతుల టీచరు గారికి వీడ్కోలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ శనివారంతో మన బడిలో వేసవి తరగతులు ముగుస్తాయి. రెండు నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పిన టీచరు గారు ఆ మర్నాడే బయల్దేరుతున్నారు. జూన్ 12న బడులు తెరిచేసరికి ఆవిడ తమ ఊరి బడిలో ఉండాలి. ఇలాంటి మనిషిని పంపించడం మాకు కష్టంగానే ఉంది. అందుకే ఈసారి మిగతా కబుర్లు పక్కనపెట్టి, ఆవిడ నేర్పిన తీరు రాస్తున్నాం. ఇంట్లో అది సాగాలంటే మీకూ తెలియాలి.

మన పిల్లలకు అక్షరాలు వచ్చు, గుణింతాలు గడగడా అప్పజెబుతారు. ఒత్తుల దగ్గరే తడబాటు. 'కొబ్బరి'ని 'కొబరి' అనీ 'గట్టు'ను 'గటు' అనీ చదివేస్తారు. టీచరు గారు ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూస్తే కారణం తెలిసింది. వరుస కింద వేలు పెట్టి చదువుతుంటే, అక్షరం కిందున్న ఒత్తు ఆ వేలి చాటున పడిపోతోంది! వేలు తీయించి, చేతికి కొబ్బరి ఈనెపుల్ల ఇచ్చి, పైనుంచి చూపిస్తూ చదవమన్నారు. పుల్ల సన్నం కాబట్టి గుడి, ఎత్వం కూడా మరుగున పడవు. ఆపైన 'కొబ్–బ–రి' అని విడదీసి పలికించి, మళ్లీ కలిపి చదివించారు. చిన్న మార్పే గానీ, చాలామంది పిల్లలకు దారి అక్కడే దొరికింది.

దీర్ఘాలకు పాత శుభలేఖల అట్టలు కోసి జంట మాటలు రాశారు: మెడ–మేడ, గది–గాది, పలు–పాలు. అట్ట తీసినవాళ్లు చదవడంతో సరిపోదు, అర్థం కూడా చెప్పాలి. 'మేడ'ను 'మెడ' అని చదివి చెయ్యి గొంతు మీద పెట్టుకున్న పిల్లకు తన తప్పు తనకే తెలుస్తుంది, ఇంకొకరు దిద్దక్కర్లేదు. (గాది అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు. తాతయ్యలు, నాయనమ్మలు చెబితే ఎంతో మేలు.)

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ముందు మీరు ఒక వాక్యం చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత బిడ్డ ఒక్కరే చదవాలి. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకండి. మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగితే సగం మాటలు తామే తేల్చుకుంటారు. ఒక పేజీలో అయిదు మాటలకు మించి తప్పుతుంటే ఆ పుస్తకం ఇంకా బరువని అర్థం, తేలికది తీసుకోండి. చదవడం వచ్చని మురిసిపోయే ముందు ఒక పరీక్ష పెట్టండి. పాఠం కంఠతా వచ్చిన పిల్లలు పేజీ చూడకుండానే చదివేస్తారు. కాబట్టి బొమ్మను చేత్తో మూసి, చివరి వాక్యం నుంచి పైకి చదివించండి. చదువుతున్నారో, అప్పజెబుతున్నారో తేలిపోతుంది.

చదువు చెప్పలేని తల్లిదండ్రులు బెంగపడొద్దు. పక్కన కూర్చుని వినడం, "తర్వాత ఏమైంది?" అని అడగడం కూడా చదివించడమే.

లెక్కల్లో పెద్ద చిక్కు తీసివేత. 52లోంచి 27 తీసేయమంటే 35 వేస్తారు. రెండులోంచి ఏడు పోదు గనక, తిరగేసి ఏడులోంచి రెండు తీసేస్తారు. 52లో ఉన్న అయిదు అంటే అయిదు పదులన్న ఊహ లేకపోవడమే దీనికి మూలం. పది ఈనెపుల్లలకొక కట్ట చొప్పున అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఇవ్వండి. ఏడు తీయమంటే చాలవు, ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే అయిదు, రెండు కట్టలు తీస్తే రెండు, జవాబు 25. కట్ట విప్పే పని బిడ్డ చేతే చేయించండి. మీరు విప్పి ఇస్తే 'అప్పు తెచ్చుకోవడం' ఎప్పటికీ అర్థం కాని మంత్రంలా మిగిలిపోతుంది.

ప్రతి బిడ్డకూ టీచరు గారు ఒక కాగితం రాసిపెట్టారు. అందులో మార్కులుండవు. అక్షరం, మాట, వాక్యం, పేరా – వీటిలో ఎక్కడున్నారు, ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నారు, తీసివేత వచ్చిందా లేదా అన్నది ఉంటుంది. జూన్ 12న వాటిని తరగతి టీచర్లకు అప్పగిస్తాం. మీరూ అడిగి చూడండి.

వీడ్కోలు శనివారం ఉదయం 8 గంటలకు. ఎండ ముదరకముందే, పదింటికల్లా ముగిస్తాం. మజ్జిగ, ముంజెలు బడి తరఫున ఉంటాయి. శాలువాలు, దండలు వద్దని ఆవిడే కోరారు. పిల్లలు తమంతట తాము రాసిన ఉత్తరం ఇస్తే చాలు. నాలుగు వాక్యాలైనా సరే, మీరు చెప్పి రాయించకండి, తప్పులు దిద్దకండి. ఆ చేతిరాతే ఆవిడ చూడాలనుకుంటున్నారు.

ఒక మనవి. కాలువలకు నీళ్లు వదిలాక ఇళ్లలో అందరూ ఆకుమళ్ల పనిలో పడతారు, సాయంత్రం చదువు తప్పుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే చదివించండి. పిల్లల్ని ఒంటరిగా కాలువ గట్టుకు మాత్రం పంపకండి.

తరగతి బీరువాలోంచి తీసుకెళ్లిన కథల పుస్తకాలు శనివారమే తిరిగివ్వనక్కర్లేదు. బడి తెరిచిన రోజు తెస్తే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు