"డేటా బ్యాకప్ కస్టమర్ బాధ్యత" అని మీ మెయిళ్ళలో రాశారు. బ్యాకప్ నా బాధ్యతే, ఒప్పుకుంటాను. మరి చేసిన బ్యాకప్‌ని చెరిపింది ఎవరు?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: చార్జింగ్ పిన్ మార్చమని ఇచ్చిన ఫోన్‌ని అడగకుండా రీసెట్ చేసి, వాట్సాప్ బ్యాకప్ కూడా పోయేలా చేసిన మీ సర్వీస్ సెంటర్ మీద ఫిర్యాదు

నమస్తే. రాజమండ్రిలో మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టే దుకాణం నడుపుతున్నాను. మీ కంపెనీ ఫోన్ వాడుతున్నాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలయ్యే మెయిళ్ళు మీ దగ్గర్నుంచి ఇప్పటికే వచ్చాయి. నేను రాసింది చదివి రాసినట్టు వాటిలో ఒక్కటీ లేదు, అందుకే మళ్ళీ మొదటినుంచీ రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడం మానేసింది. కేబుల్‌ని ఒక పక్కకి వంచి పట్టుకుంటే తప్ప ఎక్కేది కాదు. మీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చూసి, పిన్ పోయింది, కింద ఉండే చిన్న బోర్డు మార్చాలి, సాయంత్రానికి ఇచ్చేస్తాం అన్నారు. సరే అన్నాను. ఫోన్ తీసుకుని రాసిచ్చే కాగితం, అదే జాబ్ షీట్‌లో, కంప్లయింట్ అనే గడిలో "చార్జింగ్ ఎక్కడం లేదు" అని మాత్రమే ఉంది. టెస్ట్ చెయ్యాలంటూ ప్యాటర్న్ అడిగి, అదే కాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టి గీత గీసుకున్నారు. సాయంత్రం వెళ్ళి ఫోన్ తెరిస్తే భాష ఎంచుకోమని అడుగుతోంది, కొత్త ఫోన్ డబ్బాలోంచి తీసినప్పుడు అడుగుతుందే, అలా. ఏమిటిదని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి "సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది వేశాం మేడమ్, దానికి చార్జీ లేదు" అన్నాడు.

చార్జీ లేదట! నా దగ్గరికి హుక్కులు ఊడిపోయాయని ఎవరైనా జాకెట్టు తెస్తే, నేను దాన్ని మొత్తం విప్పదీసి ముక్కలు చేసి "ఇది ఫ్రీగా చేశానండీ" అంటే ఆవిడ నన్ను ఏమంటుందో అదే నేనూ మిమ్మల్ని అంటున్నాను. పిన్ ఉండేది అడుగున చిన్న బోర్డు మీద, మెసేజ్‌లూ ఫొటోలూ ఉండే మెమరీ మెయిన్ బోర్డు మీద. దీన్ని మార్చడానికి దాన్ని చెరపాల్సిన పని ఏముందో మీ ఇంజనీర్ చేత నాకు కాగితం మీద రాయించి పంపండి.

అయినా అప్పటికి కూడా నాకు అంత టెన్షన్ లేదు. ఎందుకంటే బ్యాకప్ ఉంది. రోజూ రాత్రి వాట్సాప్ చాట్లు నా గూగుల్ అకౌంట్‌లోకి వెళ్ళేలా నేనే పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్‌ని గూగుల్ లెక్కలోకి తీసుకునేది కాదు, 2024 నుంచి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలోనే దాన్నీ కలిపేశారు. నావన్నీ డిజైన్ ఫొటోలు, వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు కాబట్టి ఆ జాగా నిండిపోతే, నెలకు 130 రూపాయలు కట్టి 100 జీబీ తీసుకున్నాను. వ్యాపారం ఫోన్‌లో నడిపేవాళ్ళకి అది కరెంటు బిల్లు లాంటి ఖర్చే, తప్పదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ మెయిల్‌లో ప్రతిసారీ ఒకటే మాట, జాబ్ షీట్ వెనక నిబంధనల ప్రకారం డేటా బ్యాకప్ కస్టమర్ బాధ్యత అని. ఆ బాధ్యత నేను డబ్బు కట్టి మరీ తీర్చుకున్నాను.

ఇప్పుడు కౌంటర్ దగ్గర జరిగింది వినండి. నేను గాభరా పడటం చూసి ఆ అబ్బాయి "ఇలా ఇవ్వండి మేడమ్, అంతా సెట్ చేసి ఇస్తాను" అని ఫోన్ తీసుకున్నాడు. జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగాడు, చెప్పించుకుని తనే కొట్టాడు. వాట్సాప్ వేసి, నంబర్ కొట్టి, ఓటీపీ వస్తే అదీ తనే కొట్టాడు. వాట్సాప్‌లో నంబర్ వెరిఫై అవగానే, ఈ అకౌంట్‌లో ఫలానా రోజు తీసిన బ్యాకప్ ఉంది, రిస్టోర్ చెయ్యమంటారా అని అడిగే తెర ఒకటి వస్తుంది. అదే నంబరు, అదే గూగుల్ అకౌంట్ అయితేనే వస్తుంది, మామూలుగా ఆ ఒక్కసారే వస్తుంది. బ్యాకప్ పెద్దది, రిస్టోర్ నొక్కితే వాళ్ళ వైఫైలో ఎంతసేపు పడుతుందో, నా వెనక ఇంకా జనం ఉన్నారు. అతను స్కిప్ నొక్కేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత వచ్చిన తెరలో ఆటోమేటిక్ బ్యాకప్ "రోజూ" అని పెట్టి ఫోన్ నా చేతికి ఇచ్చాడు.

తెరిచి చూస్తే గ్రూపుల పేర్లు ఉన్నాయి, లోపల ఒక్క మెసేజ్ లేదు. చాట్లేవీ అంటే "రాత్రికి సింక్ అయిపోతాయి మేడమ్, నెట్ ఆన్‌లో ఉంచండి" అన్నాడు.

ఈ మాట దగ్గర కాస్త ఆగండి సార్. మీ కంపెనీ మీద నా అసలు ఫిర్యాదు ఈ మాటే. స్కిప్ నొక్కినా అప్పటికింకా ఏమీ పోలేదు. నా బ్యాకప్ గూగుల్‌లో భద్రంగా ఉంది. అప్పుడే వాట్సాప్ తీసేసి, మళ్ళీ వేసుకుని ఈసారి రిస్టోర్ నొక్కితే అన్నీ తిరిగొచ్చేవి. కానీ మీ మనిషి చెప్పినట్టు నేను రాత్రంతా వైఫై ఆన్‌లో పెట్టి, చార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున రెండింటికి వాట్సాప్ తన అలవాటు ప్రకారం బ్యాకప్ తీసింది. దేన్ని తీసింది? ఖాళీ చాట్లని. గూగుల్ అకౌంట్‌లో వాట్సాప్ ఒక్క బ్యాకప్పే ఉంచుతుంది, కొత్తది వచ్చి పాతదాని మీద పడుతుంది, పాతదాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. పొద్దున్నే డ్రైవ్ యాప్‌లో బ్యాకప్స్ తెరిచి చూస్తే, జీబీల్లో ఉండాల్సిన సైజు ఎంబీల్లోకి దిగిపోయి ఉంది. ఫోన్ లోపల కూడా వాట్సాప్ గత కొద్ది రోజుల కాపీలు దాచుకుంటుంది. వాటినైనా వెతుకుదామంటే, మీరు చేసిన రీసెట్‌లో అవీ పోయాయి. దుకాణంలో కంప్యూటర్‌లో తెరిచి ఉంచే వాట్సాప్ కూడా, ఫోన్‌లో మళ్ళీ రిజిస్టర్ చెయ్యగానే లాగౌట్ అయిపోయింది. మూడు దారులూ మీ కౌంటర్ దగ్గరే మూసుకుపోయాయి.

మీ చాట్‌బాట్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 64 అంకెల ఎన్‌క్రిప్షన్ కీ ఎంటర్ చెయ్యండి అంటుంది. బ్యాకప్‌కి తాళం వేసుకునే వేరే ఆప్షన్ ఒకటి, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అని 2021లో వచ్చింది, ఆ కీ అది పెట్టుకున్నవాళ్ళకే ఉంటుంది. నేను పెట్టుకోలేదు. నా బ్యాకప్‌కి తాళం పడలేదండీ, దాని మీద ఇంకోటి వచ్చి పడింది. ఈ రెండింటికీ తేడా తెలిసిన మనిషి ఒకరు నా మెయిల్‌కి జవాబివ్వాలి.

ఏం పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే "చాట్లే కదా" అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళయితే ఆది జాకెట్టు ఇచ్చి వెళ్తారు. బయటి ఊళ్ళవాళ్ళు, అమెరికాలో ఉన్నవాళ్ళు ఆది ఎక్కణ్నుంచి పంపుతారు? కొలతలన్నీ వాట్సాప్‌లోనే. డాలస్ నుంచి ఒకమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది, "వెనక మెడ తొమ్మిది, చేతులు పదకొండు, చంక దగ్గర అర అంగుళం లూజు ఉంచండి అక్కా, పోయినసారి పట్టేసింది" అని. తొమ్మిది, పదకొండు నాకు గుర్తున్నాయి, ఛాతీ, నడుము గుర్తులేవు. మళ్ళీ అడిగితే "అన్నీ పంపాను కదక్కా" అంది. ఇలా ఎంతమందిని అడగను? శ్రావణమాసం పెళ్ళిళ్ళకి తీసుకున్న ఆర్డర్లు ఇవి. అడ్వాన్స్ ఎంత వచ్చిందో బ్యాంకులో కనిపిస్తుంది, కానీ ఆ రెండు వేలు కుందన్ వర్క్‌కా జర్దోసీకా, ఏ చీర మీదకి, ఎప్పటికి ఇస్తానన్నాను, ఇవన్నీ చాట్లలోనే ఉన్నాయి. డిజైన్ ఫొటోలు మా కారీగర్ ఫోన్‌కి ఫార్వర్డ్ చేసినవి కొన్ని ఉండబట్టి సరిపోయింది, లేకపోతే మగ్గం మీద బట్ట బిగించి ఏం కుట్టాలో తెలియక కూర్చునేవాళ్ళం. ఒకరిద్దరు విసుగొచ్చి అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను.

ఆ కౌంటర్ అబ్బాయి ఉద్యోగం తీసెయ్యమని నేను అడగడం లేదు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. జనం క్యూలో ఉంటే త్వరగా పంపెయ్యమని పైనుంచి చెప్పి ఉంటారు. నేర్పాల్సింది మీరు.

నాకు కావాల్సింది చెబుతాను. నా ఫోన్‌ని ఎవరి అనుమతితో రీసెట్ చేశారో రాతపూర్వకంగా చెప్పండి. పిన్‌కి కట్టించుకున్న డబ్బు తిరిగివ్వండి, వెనక్కి ఇచ్చిన అడ్వాన్సుల నష్టం కూడా కట్టండి, ఆ వివరాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా జత చేశాను. ఇక మీదట మీ సెంటర్లలో డేటా చెరపాల్సి వస్తే ముందే ఫోన్ చేసి అడగాలి, జాబ్ షీట్ వెనక సన్న అక్షరాల్లో కాకుండా ముందు పక్కనే "డేటా చెరిపేస్తాం, ఒప్పుకుంటున్నారా" అని సంతకం తీసుకోవాలి. కస్టమర్ జీమెయిల్ పాస్‌వర్డ్‌లూ ఓటీపీలూ మీవాళ్ళు అడగడం మానెయ్యాలి. వాట్సాప్‌లో రిస్టోర్ తెర వచ్చినప్పుడు ఫోన్ కస్టమర్ చేతికి ఇవ్వాలి, నొక్కేది వాళ్ళు. ఈ పద్ధతులు మార్చుకోవడానికి మీకు పైసా ఖర్చయ్యేది ఏమీ లేదు.

ఈ మెయిల్ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేస్తాను. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఆ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, మీ హెడ్ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

జాబ్ షీట్ రెండు వైపులా ఫొటోలు, బిల్లు, డ్రైవ్‌లో బ్యాకప్ సైజు కనిపించే స్క్రీన్‌షాట్ జత చేశాను. జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్ చెయ్యొద్దు. ఫోన్‌లో ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియడం లేదు.

ఇట్లు,
మీ కస్టమర్,
రాజమహేంద్రవరం