నాన్న చేతికి స్పానర్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకు అక్కడ పొద్దు పోదని అందరూ అనేదే. మొదటి రెండు ట్రిప్పుల్లో నాదీ అదే గతి. కాఫీ, యూట్యూబ్‌లో ప్రవచనాలు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కొడుకు కోసం ఎదురుచూపు. మూడోసారి మాత్రం షుగర్ తగ్గించుకుని వచ్చాను. ఎలాగో చెబుదామని ఈ ఉత్తరం.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 68. మా అబ్బాయి ఉండేది ఆరిజోనాలోని ఫీనిక్స్. మొన్న సంక్రాంతికి వాడొక ఆర్వీ అద్దెకు తెచ్చాడు. వంటగట్టు, మంచాలు, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి. ఫోర్డ్ ఛాసిస్, పెట్రోల్ ఇంజన్, 25 అడుగుల పొడవు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వలేదు, మా పల్లెవెలుగే నయం.

ఫీనిక్స్ నుంచి పడమరగా రెండు గంటలు పోతే క్వార్ట్‌సైట్ అని ఎడారి ఊరు. మన నేలపట్టుకు గూడబాతులు వచ్చినట్టు, చలికాలంలో మినసోటా నుంచి, కెనడా నుంచి ముసలివాళ్ళు బండ్లేసుకుని అక్కడికి దిగుతారు. వాళ్ళ పేరు కూడా స్నోబర్డ్సే. ఊరి పక్క సర్కారు భూమిలో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేం వెళ్ళినప్పుడు 180 డాలర్ల పర్మిట్ ఉండేది. మేం రెండు వారాలకు 40 డాలర్లది తీసుకున్నాం. బండి దగ్గరకు కరెంటు రాదు, నీళ్ళ గొట్టమూ రాదు. అదే మాకు మేలు చేసింది.

పక్క బండి ఆయనకు 79 ఏళ్ళు. తుంటి ఎముక మార్పిడి అయిన మనిషి. మేం దిగిన రోజే వచ్చి మా ఫ్రిజ్ సంగతి చెప్పాడు. అది గ్యాస్ మీద నడిచే రకం, బండి ఒరిగి ఉంటే సరిగ్గా చల్లబడదు. జేబులోంచి రసమట్టం తీసి బండి లోపల నేల మీద పెట్టాడు. ముందు ఎడమ చక్రం కింద ఒక చెక్క, వెనక రెండు. చెక్క పెట్టడం, వంగి చూడటం, మళ్ళీ లేవడం. ఆయన నాలుగుసార్లు వంగి లేచాడు, నేను రెండోసారికే ఆయాసపడ్డాను. సిగ్గేసింది.

మర్నాటి నుంచి పనులు నేనే తీసుకున్నాను. సోలార్ పలకలు పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం పడమరకు తిప్పడం, డబ్బాలతో నీళ్ళు మోయడం. వారానికొకసారి బండిని డంప్ స్టేషన్‌కు తీసుకెళ్ళి మురుగు ట్యాంకులు ఖాళీ చేయాలి. ముందు లెట్రిన్ ట్యాంకు వాల్వు తిప్పాలి, తర్వాత స్నానం నీళ్ళది. అప్పుడే ఆ సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుగుతాయి. మావాడు మొదటిసారి తిరగేసి చేశాడు, ఆ కంపు గురించి పత్రికలో రాయను. నీళ్ళు పొదుపు చేయడంలో మాత్రం మనవాళ్ళను కొట్టేవాడు లేడు. వాళ్ళు షవర్ కింద ట్యాంకులు ఖాళీ చేస్తుంటే మా ఆవిడ చెంబుతో అరబకెట్ నీళ్ళలో తలంటు పోసుకుంది.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బండి మెట్లు మూడే, కానీ మొదటి రోజు నా భుజం పట్టుకుని ఎక్కింది. ముగ్గు వేయడానికి, బట్టలు ఆరేయడానికి, పక్క బండ్ల వాళ్ళకు గారెలు ఇచ్చి రావడానికి రోజంతా ఎక్కి దిగుతూనే ఉంది. రెండో వారానికి కమ్మీ ఒక్కటే ఆసరా. నొప్పులు పోయాయని అనను, భయం పోయింది.

అంతా బాగుందనీ చెప్పను. అక్కడ పెద్దాసుపత్రి దగ్గర్లో లేదు. నడక పెరిగినా మాత్ర పాత మోతాదులోనే వేసుకుని ఒకరోజు షుగర్ పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, బెల్లం ముక్క కాపాడింది. బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాల్సింది. ఇన్సూరెన్స్ లేకుండా, మందుల చీటీ లేకుండా పోవద్దు. దూరం పోయేటప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి బండి ఆపించి దిగి నడవండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పెద్దవాళ్ళకు కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.

ఇంటికొచ్చాక పరగడుపు షుగర్ 162 నుంచి 131కి దిగింది. స్వీట్లు దొరక్కపోవడమూ కారణమే కావచ్చు. అయితే నేను చెప్పేది బండి గురించి కాదు. మన పిల్లలూ నయాగరాకూ వేగాస్‌కూ తీసుకెళ్తారు, ప్రేమగానే తీసుకెళ్తారు. కానీ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, దిగాక ఫొటో తీసి మళ్ళీ ఎక్కిస్తారు. సూట్‌కేసుకూ మాకూ తేడా ఏముంది? వెనకటి కాశీ యాత్ర బస్సుల్లో మా అమ్మ కూరలు తరిగింది, గంగలో తన చీర తనే పిండుకుంది. తిరిగొచ్చాక నెల్లాళ్ళు హుషారుగా ఉంది. ఏసీ బండిలో తిప్పితే ఆ హుషారు రాదు. "నువ్వు కూర్చో నాన్నా" అనే ముందు ఒకసారి ఆలోచించండి.

వచ్చే ఏడు మావాడు ఎల్లోస్టోన్ పార్కు అంటున్నాడు. సరేనన్నాను. డంప్ స్టేషన్ దగ్గర వాల్వులు మాత్రం నేనే తిప్పుతానని చెప్పాను.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ మెకానిక్, ఒంగోలు